చీకటిగది స్టూలు

మా గుడ్ల షెడ్డులో పేర్లు ఎవరూ పెట్టరు. వాటంతట అవే పడతాయి.

ఫ్యానన్న ఇంకా ఫ్యానన్న కాని రోజుల్లో పెద్ద యజమానితో ఓ మాటన్నాడు. "అయ్యా, రెక్కలకు దుమ్ము పేరుకుంది. తుడిస్తే గాలి బాగా వస్తుంది." పెద్దాయన భుజం తట్టాడు. "మంచి మాట చెప్పావు. నువ్వే చూసుకో." అప్పటినుంచి నిచ్చెన అతనిది, తడిగుడ్డ అతనిది, పేరూ అతనిదే. కాటా ఒకవైపు మొగ్గుతోందని చెప్పినాయన కాటా మామ అయ్యాడు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి దాన్ని సరిచెయ్యడం ఆయన వంతు. నిలవగది గుమ్మానికి తడిపిన గోనె వేలాడదీస్తే గుడ్లు చల్లగా ఉంటాయని చెప్పినావిడ తడిగోనె అక్క. ఆ గోనెను గంటగంటకూ తడిపేది ఎవరో వేరే చెప్పాలా.

పెద్దాయన చెడ్డవాడేం కాదు. మంచి ఆలోచన ఎవరికొస్తే దాని పెత్తనం వాళ్లకే దక్కాలని ఆయన న్యాయం. ఆ న్యాయానికి తట్టుకోలేక షెడ్డు మొత్తం ఓ విద్య నేర్చుకుంది. ఏది తోచినా ముందు అటూ ఇటూ చూసి, తర్వాత మింగెయ్యడం.

మోకాళ్లు నొప్పెట్టి, పెద్దాయన ఇంటిపట్టున ఉండి, కూతురికి షెడ్డు అప్పగించాడు. అమ్మాయిగారు ఎక్కడో శిక్షణకు వెళ్లొచ్చింది. ప్రతి సోమవారం పొద్దున్నే మమ్మల్ని లోడింగు హాల్లో నిలబెట్టి అడుగుతుంది.

"పని ఇంకా బాగా జరగాలంటే ఏం చెయ్యాలి? ఎవరికి ఏం తోచినా చెప్పండి. తప్పుగా ఉన్నా పర్లేదు."

అందరం నేల చూసేవాళ్లం. నేల ఎంత శుభ్రంగా ఉండేదో ఆ సోమవారాల్లోనే మాకు తెలిసింది.

"ఎవరికీ ఏమీ తోచడంలేదా?"

"మీరున్నారుగా అమ్మా," అనేవాడు ఫ్యానన్న. అది పొగడ్త అనుకుని ఆమె కాస్త సిగ్గుపడేది.

ఇక తడిగోనె అక్క సంగతి. గోనె తడపడం ఆవిడకు కొసరు. అసలు పని చీకటిగదిలో. చెక్కపెట్టెలో బల్బు వెలుగుతుంటుంది. పెట్టె మూతకో బెజ్జం. ఆ బెజ్జం మీద గుడ్డు పెట్టి తిప్పితే లోపలి సొన, పెంకు మీద బీట, అన్నీ కనిపిస్తాయి. బాగున్నవి అట్టల్లోకి, బాగోలేనివి బుట్టలోకి. మా షెడ్డు మొత్తంలో కూర్చుని చేసే పని అదొక్కటే. ఆ గదిలో ఓ స్టూలుంది. మూడు కాళ్లది, మీద పాత దిండు కట్టింది. పన్నెండేళ్లు బండి తోసి, నిలబడి అట్టలు సర్ది, ఆఖరికి ఆ స్టూలు దాకా చేరింది ఆవిడ. ఇంట్లో పీట మీద కూర్చున్నా లేవలేని నడుము ఆవిడది. స్టూలు సంగతి ఎత్తితే గొంతు మెత్తబడేది.

చీకటిగది నుంచి అట్టలు తోపుడుబండి మీద లోడింగు హాల్లోకి వెళ్లాలి. మధ్యలో గడప. కడిగిన నీళ్లు చీకటిగదిలోకి పారుతున్నాయని వానలకు ముందు మేస్త్రీని పిలిపించి ఆ గడప ఎత్తు పెంచారు. సరిగ్గా ఆ వారమే బండి తొయ్యడానికి కొత్తమ్మాయి వచ్చింది. తడిగోనె అక్కకు సొంత తోటికోడలు. ఇంటి బయట ఆ పిల్ల చేసిన మొదటి పని ఇది. టిఫిను డబ్బా కొత్తది, చెప్పులు కొత్తవి, అక్క వెనకే నడుస్తూ రావడం, వెళ్లడం.

ఆ నెలనుంచే బిస్కెట్ల ఫ్యాక్టరీవాళ్లు సరుకు తిప్పి పంపడం మొదలెట్టారు. అడుగు అట్టల్లో గుడ్లన్నీ వెంట్రుకంత బీటలు. ఎత్తు పెరిగిన గడప నేలకి అతుక్కుని ఉంది కాబట్టి ఎవరి కంటా పడలేదు. కొత్తమ్మాయి నడుస్తూ తిరుగుతోంది కాబట్టి అందరికీ కనిపించింది.

"గడప దగ్గర కుదుపొస్తోందండీ," అందా పిల్ల ఓసారి. సాకు చెబుతోందనుకున్నారు. అయినా అమ్మాయిగారు ఓ చెక్క వాలుగా వేయించి చూసింది. బరువు బండి చెక్క ఎక్కలేక వెనక్కి జారి ఫ్యానన్న బొటనవేలి మీద ఆగింది. చెక్క తీసేశారు.

ఆ సోమవారం అమ్మాయిగారు ఆలోచనలు అడగలేదు.

"బిస్కెట్లవాళ్లు మళ్లీ తిప్పి పంపారు. ఇంకో వారం చూస్తాను. తగ్గకపోతే బండి దగ్గర మనిషిని మార్చక తప్పదు." ఆ మాట అనడం తనకే ఇష్టం లేనట్టు గబగబా అనేసి ఆఫీసు గదిలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం తోటికోడళ్లిద్దరూ ఇంటికి నడుస్తున్నారు.

"అక్కా, నేను మెల్లగానే తోస్తున్నా."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"వినబడుతుంది. బండి గడపెక్కి దిగినప్పుడల్లా అడుగున చిట్‌మంటుంది. నేను బాగున్నాయని పెట్టినవే, నా చెవి పక్కనే పగులుతున్నాయి."

"మరి ఆ మాట అమ్మాయిగారితో అనొచ్చుగా."

"గడపని తిట్టి ఏం లాభం. దారేమిటో చెప్పాలి."

"దారి లేదా?"

తడిగోనె అక్క చీర కుచ్చిళ్లు సర్దుకుని నడక వేగం పెంచింది. దారి ఉంది. ఎప్పుడో తోచింది. చీకటిగదికీ లోడింగు హాలుకీ మధ్య గోడలో చెక్కలు కొట్టి మూసేసిన కిటికీ ఒకటుంది. అది తెరిచి, వెలుతురు రాకుండా నల్లగుడ్డ కట్టి, అట్టలు చేత్తో అవతలికి అందిస్తే బండికి గడపతో పనే లేదు. కాకపోతే ఆ కిటికీ దగ్గర పొద్దస్తమానం నిలబడి అందించేవాళ్లు ఒకరు కావాలి. చెప్పినవాళ్లే చెయ్యాలన్నది షెడ్డు న్యాయం. అంటే స్టూలు పోయినట్టే.

"ఉద్యోగం పోతే పోనీలే అక్కా," అంది చిన్నది ముఖం అటు తిప్పుకుని. "ఇంట్లో ఉండి వంటగది సర్దుకుంటా. డబ్బాలన్నీ నీ ఇష్టమొచ్చినట్టు పెట్టావు."

అక్క ఆగింది. ఆ పిల్ల గొంతులో తడి ఉంది. ఆ తడి ఒకటి, రోజంతా తన డబ్బాల మధ్య తిరిగే తోటికోడలు ఒకటి. ఏది ఎక్కువ కదిలించిందో ఆవిడకే తెలియాలి.

మర్నాడు ఫ్యానన్న నిచ్చెన ఎక్కి ఉండగా అక్క దాని కిందకొచ్చి నిలబడింది.

"అన్నా, ఆ కిటికీ చూశావా?"

"ఏ కిటికీ?"

"చెక్కలు కొట్టింది. ఎందుకలా మూసి ఉంచారో అనిపించదూ నీకు?"

"అనిపించదు."

"తెరిస్తే ఎలా ఉంటుందో అనైనా?"

"నాకు వినపడ్డంలేదు చెల్లెమ్మా. నిచ్చెన మీదున్నాను."

"నిచ్చెనెక్కితే చెవులు పనిచెయ్యవా?"

"పైకెళ్లేకొద్దీ తగ్గుతాయి." ఫ్యానన్న ఇంకో మెట్టెక్కాడు. కాసేపు రెక్క తుడిచి, కిందకు చూడకుండానే అన్నాడు. "కిటికీలోంచి అందించడమేగా నువ్వనేది. నాకూ తోచింది. లారీని వెనక్కి తిప్పి పెడితే సగం నడక తగ్గుతుందని కూడా తోచింది. నాకు చాలా తోస్తాయి. ఒక్కసారి నోరు జారినందుకు చూశావుగా, పెళ్లిలో కూడా ఫ్యానన్న వచ్చాడంటారు."

ఆవిడ ఇంకొందరిని కదిపి చూసింది. తాడు కట్టేవాళ్లకు తెలుసు, అట్టలు లెక్కపెట్టే ఆవిడకు తెలుసు. షెడ్డంతటికీ కిటికీ సంగతి తెలుసు. ఒక్కరూ నోరు మెదపరు. ఇంతమంది తెలివైనవాళ్లు ఒకేచోట నోరు కట్టుకుని ఉండటం ఎక్కడా చూడబోం.

మళ్లీ సోమవారం వచ్చింది. కొత్తమ్మాయి తలొంచుకుని చివర నిలబడింది. కొత్త చెప్పులు అప్పుడే కాస్త పాతబడ్డాయి. అమ్మాయిగారు గొంతు సవరించుకుంది. ఏం చెప్పబోతోందో అందరికీ తెలుసు.

"అమ్మా," అంది తడిగోనె అక్క. అని, నీళ్లు నమిలింది.

"చెప్పండక్కా."

"నేను కాదు. కాటా మామ ఓ మాట అంటుండేవాడు."

కాటా మామ అప్పుడు ఊళ్లో లేడు. కంటి ఆపరేషనుకు సెలవు పెట్టి వెళ్లాడు. ఆ వారం అక్కడ లేని మనిషి ఆయనొక్కడే.

"ఏమనేవాడు?"

ఆవిడ చెప్పింది. కిటికీ, నల్లగుడ్డ, చేత్తో అందించడం. అంతా మామ ఖాతాలో వేసి చెప్పింది. అమ్మాయిగారు కిటికీ దగ్గరకు పోయి చెక్కల సందులోంచి అటు చూసింది, ఇటు చూసింది. తిరిగొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

"ఇంత మంచి ఆలోచన ఆయన నాతో ఎందుకు చెప్పలేదు?"

"మొహమాటస్తుడమ్మా," అంది అక్క.

ఫ్యానన్నకు అంతలో జ్ఞానోదయమైంది. "మామ ఇంకోటి కూడా అన్నాడమ్మా. లారీని వెనక్కి తిప్పి పెడితే బాగుంటుందని."

"అట్టలకు రంగు తాడు కడితే ఏ రోజువో తెలుస్తుందని నాతో అన్నాడు," అంది లెక్కపెట్టే ఆవిడ.

"టీకి అందరూ ఒకేసారి పోవద్దన్నాడు."

"కడిగే తొట్టికి కింద బెజ్జం పెట్టమన్నాడు."

గట్టు తెగినట్టు అయింది. ఇన్నేళ్లు మింగినవన్నీ ఆ పొద్దున ఒక్కసారిగా బయటికొచ్చాయి. అన్నీ మామవే. అక్కడ లేని మనిషి నెత్తిన ఎంత వేసినా మోస్తాడు. కాటా మామ బీడీకి నిప్పు తప్ప ఇంకేదీ అడిగి ఎరగడు. అలాంటివాడు ఆ పూట మాకే కాస్త గొప్పగా కనిపించాడు.

"ఆయన రాగానే ఆయన చేతులమీదుగానే మొదలుపెడదాం," అంది అమ్మాయిగారు. "అప్పటిదాకా మనిషిని మార్చే మాట లేదు."

కొత్తమ్మాయి తలెత్తింది. తడిగోనె అక్క పోయి తన స్టూలు మీద కూర్చుని, నిండుగా ఊపిరి వదిలింది.

గురువారం కాటా మామ వచ్చాడు. కళ్లకు నల్లద్దాలు. ఆఫీసు గదిలోకి తీసుకెళ్లి అమ్మాయిగారు తన ఎదురుకుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించింది. తలుపు తెరిచే ఉంది. మేమంతా ఆ చుట్టుపక్కలే పనులు వెతుక్కున్నాం.

"మీ కిటికీ ఆలోచన అద్భుతం."

"ఏ కిటికీ అమ్మా?"

"లారీ సంగతి కూడా."

"నాకు లారీ తోలడం రాదు."

"ఎంత వినయం," అంది అమ్మాయిగారు మావైపు తిరిగి. "ఇంత బుర్ర ఉన్న మనిషిని మనం ఇన్నాళ్లూ కాటా దగ్గర బరువులు మోయించాం. రేపటినుంచి ఆయన చీకటిగదిలో కూర్చుంటారు. ఆపరేషనైన కంటికి చీకటి మంచిదే కదా. కాటా తడిగోనె అక్క చూసుకుంటుంది."

హాల్లో ఎవరి చేతిలోంచో తాడు జారింది. తడిగోనె అక్క గోనె తడుపుతోంది. నీళ్లు గోనె మీద కాక తన కాళ్ల మీద పోసుకుంటున్న సంగతి ఆవిడ గమనించలేదు.

మధ్యాహ్నం కాటా పక్కన మామను పట్టుకుంది.

"మామా, నాకేం తెలీదని చెప్పొచ్చుగా."

"చెప్పాను కోడలా. నేను తెలీదన్నకొద్దీ ఆవిడ మెచ్చుకుంటోంది."

"గట్టిగా చెప్పాలి."

"గట్టిగా చెబితే ఇంకో కప్పు టీ ఇప్పించింది." మామ నల్లద్దాలు పైకి తోసుకున్నాడు. "ఆ డాక్టరేమో వెలుగు చూడొద్దన్నాడు. ఈవిడేమో పొద్దంతా బల్బు చూడమంటోంది. చీకటిగదిలో చేసేది దీపం చూడ్డమని ఈవిడకెవరూ చెప్పలేదా?"

"అయితే వద్దను."

"అంటాను, అంటాను. రెండ్రోజులు ఆగు. నిన్న ఫ్యానన్న మా ఇంటికొచ్చి నేను ఎంత తెలివైనవాణ్నో మా ఆవిడకు చెప్పిపోయాడు. పెళ్లయ్యాక మొదటిసారి నన్నో సలహా అడిగింది. పెద్దదేం కాదు, దుప్పటి ఏ రంగు కొనాలని."

ఆవిడకు నవ్వు రాలేదు. ఒళ్లో పిల్లాడిలా చూసుకున్న స్టూలు. దాన్ని దాచుకోవడానికే కదా మాట ఇంకొకరి నోట పెట్టింది. ఇప్పుడు ఆ మాటే స్టూలును ఎత్తుకుపోతోంది. నిజం చెబితే కిటికీ దగ్గర నిలబడాలి. చెప్పకపోతే కాటా దగ్గర నిలబడాలి. ఎటు తిరిగినా నిలబడటమే.

మర్నాడు పొద్దున్నే అందరం వచ్చాక, అమ్మాయిగారు ఆఫీసు తాళం తీస్తుండగా, ఆవిడ ఎదురెళ్లి నిలబడింది.

"ఆ కిటికీ మాట మామది కాదమ్మా. నాది."

అమ్మాయిగారు తాళం చెవి బయటికి లాగి ఇటు తిరిగింది. "మరి ఆయనదని ఎందుకన్నారు?"

"స్టూలు కోసం."

"ఏ స్టూలు?"

"నేను కూచునే స్టూలు. చెప్పినవాళ్లే చెయ్యాలిగా. అక్కడ నిలబడితే నా నడుం విరుగుతుంది."

"అలా అని ఎవరన్నారు?"

ఫ్యానన్న నిచ్చెనను గోడకు ఆనించాడు.

"అమ్మా, నేను ఫ్యానుతో పుట్టాననుకున్నారా?"

ఆమెకు అప్పుడు అర్థమైంది. ఫ్యానన్నను చూసింది, కాటా మామను చూసింది, గోనెను చూసింది. మా పేర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆమె ముఖం మీదుగా నడిచి వెళ్లడం మేం చూశాం.

"పని అప్పగించడం గౌరవమనుకునేవారు నాన్న," అంది మెల్లగా.

"గౌరవమేనమ్మా," అన్నాడు మామ. "కాస్త బరువెక్కువ."

"సరే. ఇకమీదట చెప్పేవాళ్లు చెబుతారు. చేసేది ఎవరన్నది అందరం కూర్చుని అనుకుందాం. ఇంతకీ ఆ మిగతావన్నీ ఎవరివి? లారీ, రంగు తాళ్లు, తొట్టి బెజ్జం?"

అందరం మళ్లీ నేల చూశాం. అలవాటు ఒక్కపూటలో పోదు.

ఆమె నవ్వింది. "ముందు కిటికీ తీయండి."

చెక్కలు ఊడదీశారు. నల్లగుడ్డ కట్టారు. అక్క లోపలనుంచి అట్ట ఎత్తి కిటికీలో పెట్టింది. అవతల కొత్తమ్మాయి అందుకోబోయింది. కిటికీ దిమ్మె ఆ పిల్ల గడ్డానికి వచ్చింది. మునివేళ్ల మీద లేచింది. అట్ట వంగింది. నాలుగు గుడ్లు ఆమె తల మీదుగా వెళ్లి నేల మీద పడ్డాయి.

"గడపే నయం," అన్నాడు మామ నల్లద్దాల్లోంచి.

"అదేంటే, నాకు సరిగ్గానే ఉంది," అంది అక్క లోపలనుంచి.

"నువ్వు పొడుగక్కా."

ఇన్నాళ్లు ఆ ఆలోచనను బుర్రలో తిప్పి తిప్పి చూసుకున్న ఆవిడ ఊహలో, ఆ కిటికీ అవతల నిలబడేవాళ్లు ఎప్పుడూ తన ఎత్తే ఉన్నారు. చిన్నబుచ్చుకుని గుడ్డ పక్కకు తీసి చూసింది. తోటికోడలి జుట్టులోంచి సొన కారుతోంది.

"రెండువైపులా దిమ్మె ఎత్తున బల్లలు వేస్తే?" అన్నాడు ఫ్యానన్న. "ఎత్తక్కర్లేదు. ఇటునుంచి నెడితే అటు జారుతుంది." అనేసి నాలుక కరుచుకున్నాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి మెల్లగా నాలుక వదిలాడు.

"బల్లుంటే నేను నిలబడ్డం కూడా ఎందుకు?" అంది కొత్తమ్మాయి పైటతో నుదురు తుడుచుకుంటూ. "ఎత్తు కుర్చీ ఒకటుంటే కూచుని లాక్కుంటా."

అమ్మాయిగారు ఆఫీసులోకి పోయి ఫైళ్లు అందుకోవడానికి వాడే ఎత్తు స్టూలు తనే మోసుకొచ్చింది. దానికి వీపు ఆనించుకునే చెక్క కూడా ఉంది.

బల్లలు ఆదివారం నాటికి వచ్చాయి. ఆ తర్వాత పంపిన సరుకు బిస్కెట్లవాళ్ల దగ్గరే ఉండిపోయింది. మనిషిని మార్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మామ డాక్టరు చీటీ చూపించి కాటా దగ్గరకు తిరిగొచ్చాడు. ఇంట్లో దుప్పటి మాత్రం ఆయన చెప్పిన రంగుదే కొన్నారట. బాగోలేదట.

తడిగోనె అక్క స్టూలు తడిగోనె అక్కకే ఉంది. ఆ చీకటిలో, ఆ బల్బు వేడిలో, మునుపటిలాగే కూర్చుని గుడ్డు తిప్పి చూస్తుంది. గుడ్డ అవతల కొత్తమ్మాయి వీపు ఆనించుకుని కూర్చుంటుంది. లోడింగు తలుపులోంచి గాలి నేరుగా ఆ పిల్ల మీదకే వస్తుంది. లారీవాళ్లు ఆగి ఓ మాట మాట్లాడతారు. లెక్కపెట్టే ఆవిడ పళ్లెంలో పెసలో బఠాణీలో ఏవో తెచ్చి అక్కడే కూలబడుతుంది.

"ఏమిటే ఆ నవ్వు?" అంటుంది అక్క లోపలనుంచి.

"ఏం లేదక్కా. మామ మళ్లీ ఏదో అన్నాడు."

"పని చూడు."

"చూస్తున్నా. ఓ గంట నువ్విటు రారాదూ, నేనటు కూచుంటా. చల్లగా ఉంది."

"నా స్టూలు నాకుంది. నాకిక్కడే బాగుంది."

అట్ట బల్ల మీద జారి అవతలికి పోతుంది. మళ్లీ నవ్వు వినపడుతుంది. ఈసారి అందరిదీ. ఆవిడ చేతిలో గుడ్డును బల్బు మీద పెట్టి, అవసరమైనదానికంటే ఎక్కువసేపే తిప్పుతుంది. తర్వాత లేచి, స్టూలును ఓ జానెడు కిటికీ వైపు జరుపుకుని కూర్చుంటుంది.